ఉప్పుకాగితం

నాలుగు తలుపులు, రెండు సొరుగులు.
స్నానాల గది అలమర నుంచి విప్పినవన్నీ
వంటింటి బల్లమీద బోర్లా పడుకున్నాయి.
ఒక్కోదాని వీపున టేపు ముక్క, దానిమీద అంకె.
మరలూ బందులూ జామ్ సీసాలో.
మన పళ్ళ బ్రష్షులు రెండూ
మూడు రోజులుగా గరిటెల డబ్బాలో కాపురం.

ఎల్డన్, నువ్వు కమోడు మూత మీద కూర్చున్నావు
పడవ నీదైనట్టు.
"ముందు జిడ్డు తుడువు" అన్నావు.
తుడిచాను.
"మళ్ళీ తుడువు."
ముప్ఫయ్యేళ్ళ షేవింగు నురగ, తలనూనె, నా పౌడరు
గోధుమరంగు జిగురై గుడ్డకి అంటింది.
మన పొద్దుటిపూటల్లో ఇంత మడ్డి ఉందని
ఎవరనుకున్నారు!

తర్వాత ఉప్పుకాగితం.
రుద్దగా రుద్దగా తెలుపు రాలి
పచ్చ బయటపడింది.
నువ్వు ముందుకి వంగావు.
ఎనభై నాలుగులో ఎవరి పడవకో పూయగా మిగిలినది,
కోటు కింద దాచి తెచ్చావు,
మిసెస్ హిర్టిల్ వదిలివెళ్ళిన గులాబీరంగు చూడలేక.
"అట్లాంటిక్ ఉప్పుకే ఊడలేదు,
నీ ఉప్పుకాగితానికి ఊడుతుందా, ఓర్పా?
గరుకెక్కితే చాలు, ఆపు.
మరీ నున్నగా ఉన్నదానికి ఏదీ అంటదు."

కొత్త డబ్బా మీద పేరు రేవు మంచు.
మూత తీసి చూసి నవ్వావు:
"లూనెన్‌బర్గ్‌లో కిటికీ తెరిస్తే ఊరికే వస్తుంది కదే,
అరవై డాలర్లెందుకు పోశావు?"

ఈ రేవులో సగం పడవల ముక్కుల మీద
పేర్లు రాసిన చెయ్యి నీది.
కాళ్ళ కింద తెప్ప ఊగుతుంటే
గీత ఊగేది కాదు.
ఇప్పుడు కాళ్ళ కింద నేల ఉంది,
కదలకుండా ఉంది,
చెయ్యే ఊగుతోంది.
మూతున్న కప్పులో కాఫీ తాగుతూ నాకు చెబుతావు:
కుంచె మూడోవంతే ముంచు.
పీచు వెంబడే పో.
తడి ఆరకముందే అంచు కలుపు.
అదిగో కారింది, మూల చూడు, మూల.

"నువ్వే వెయ్యి అయితే!"

అనేశాను.
పైన ఫ్యాను తిరుగుతూనే ఉంది.
నువ్వు కప్పు చేతిలోంచి చేతిలోకి మార్చుకుని
లేచి వెళ్ళిపోయావు.
నేను ఆ కారిన చుక్కని
అరగంట సాపు చేశాను,
ఇంకా పాడు చేశాను.

రాత్రి రెండింటికి వంటింట్లో దీపం.
తలుపు సందులోంచి చూశాను:
బల్లమీద మోచేతులు రెండూ ఆనించి,
కుడిచేతి మణికట్టుని ఎడమచేత్తో పట్టుకుని
మూడో తలుపు వీపుకి రంగేస్తున్నావు.
ఎవరూ చూడని వైపు.
లోపలి వైపు.
నేను పాదాలు నేలకి ఆనీ ఆననట్టు
పక్కమీదికి తిరిగొచ్చాను.
చాలాసేపటికి నువ్వు వచ్చి పడుకున్నావు,
టర్పెంటైను వాసనతో కాదు,
ఈ కాలపు రంగుకి వాసన లేదని
నీకు పెద్ద ఫిర్యాదు.

పొద్దున నువ్వే అన్నావు,
"అలలొచ్చాయి. ఉప్పుకాగితం పట్టుకురా, దించేద్దాం."
"ముట్టుకోకూడదు" అన్నాను, "ఆరుతోంది."
నీ రూలే అది. నీకు ఎదురు మాట దొరకలేదు.

శనివారం బిగించాం.
ఒకటి, రెండు, నాలుగు తేలిగ్గానే కూర్చున్నాయి.
మూడోదానికి అంకె లేదు.
టేపు పీకకుండా దానిమీదే రంగేశావు.
"మిగిలింది అదొక్కటే కదా" అన్నావు,
తప్పంతా టేపుదైనట్టు.

గట్టిపడటానికి ముప్ఫై రోజులు,
అందాకా తలుపులు విసురుగా వెయ్యొద్దని
డబ్బా మీద రాసుంది.
మెల్లగా వేస్తున్నాం.
నీ మాత్రల కోసం రోజూ రెండుసార్లు
మూడోదే తెరుస్తాను.
లోపల మంచురంగు అలలు,
నడుమ బొటనవేలికి తగిలే చదరపు గుబక.

బ్రష్షులు మాత్రం
ఇంకా గరిటెల డబ్బాలోనే ఉన్నాయి.